పుంగనూరు పంచాయితీలో విమానం మైళ్ళు

అన్నదమ్ముల పంచాయితీలో విమానం మైళ్ళకు విలువ కట్టమని పిలిస్తే వెళ్ళిన టికెట్ల ఉద్యోగి మా చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ రోజు నేను చెప్పింది నిజం. కొన్నాళ్ళకు అది నిజం కాకుండా పోయింది. మధ్యలో ఏం జరిగిందో అప్పుడూ నాకు సరిగ్గా బోధపడలేదు, పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా బోధపడలేదు.

మా పక్కనే ఉన్న అంగళ్లు కాలేజీల్లో చదువుకుని బెంగళూరు ట్రావెల్ కంపెనీల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మీ కాలంలో ఈ పని ఎలా ఉండేదని అడుగుతారు. టికెట్టు కొట్టడం ఎవరైనా నేర్పుతారు, దానికి నేనక్కర్లేదు. అందుకని ఆ ఒక్క వ్యవహారం గురించే రాస్తున్నాను. ఈ పనిలో మనం అమ్మేది ఏమిటన్న ప్రశ్న నాకు మొదటిసారి వచ్చింది అక్కడే.

మదనపల్లె ఆఫీసు

తొంభైల మొదట్లో నేను చేరేటప్పటికి మా యజమాని రెడ్డెప్ప గారు బస్సు సీట్లు అమ్మేవారు. పట్టు వ్యాపారులు, టమోటా మండీల వాళ్ళు ఢిల్లీకి, కలకత్తాకి విమానాల్లో తిరగడం మొదలుపెట్టాక ఆయనకు ఆ టికెట్లు కూడా అమ్మాలని బుద్ధి పుట్టింది. నాకు టైపింగు, కాస్త ఇంగ్లీషు వచ్చు కాబట్టి నన్ను బెంగళూరు పంపి పని నేర్పించారు. అప్పట్లో టికెట్టు అంటే ఎర్ర కార్బను పూసిన కాగితాల చిన్న పుస్తకం. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా మొత్తం చించి మళ్ళీ రాయాలి. రాసినదాన్ని కవరులో పెట్టి, కుప్పం వాళ్ళదైతే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేదాన్ని.

రెడ్డెప్ప గారు విమానం ఎక్కింది లేదు, ఎక్కాలని కోరికా లేదు. నాకు ఆయన నేర్పిన పాఠం ఒకటే. "మనది కానిదానికి మనం మాట ఇయ్యకూడదమ్మా. సీటు వాళ్ళది, విమానం వాళ్ళది, వాన దేవుడిది. మనం టికెట్టు మటుకే." నేను చూసిన యజమానుల్లో ఆయన కంటే తెలివైనవాళ్ళు ఉన్నారు గానీ, తనకు తెలియనిదాన్ని తెలియదని అంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్ళు లేరు.

ఒకరోజు బెంగళూరు నుంచి ఒక విదేశీ విమాన కంపెనీ ప్రతినిధి టై కట్టుకుని వచ్చాడు. మా కంపెనీ విమానం ఎక్కిన ప్రతిసారీ ప్రయాణించిన దూరం కొద్దీ మైళ్ళు జమ అవుతాయి, చాలినన్ని పోగయ్యాక ఉచితంగా టికెట్టు ఇస్తామన్నాడు. ఆ కంపెనీతో ఒప్పందమున్న హోటళ్ళలో గది కూడా తీసుకోవచ్చన్నాడు. రంగుల కాగితాలు పరిచాడు. రెడ్డెప్ప గారు అన్నీ చూసి అడిగారు.

"ఈ మైళ్ళు ఉండాయే, ఇవి ఎవురివప్పా? ఎక్కినాయనవా, మీవా?"

"మా ప్రయాణికుల పట్ల మా కృతజ్ఞత సార్ అది."

"అది సరే. ఎవురివి?"

ఆ ప్రతినిధి నవ్వి, కాఫీ తాగి, గోడకు తగిలించుకోమని విమానం బొమ్మ ఉన్న గడియారం ఒకటి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను చాలామందిని అదే ప్రశ్న అడిగాను. దాదాపు అందరూ నవ్వారు.

పచ్చరాయి అన్నదమ్ములు

గంగులప్ప, మునిరత్నం అన్నదమ్ములు. ఊరు శాంతిపురం పక్కన. కుప్పం దగ్గర వాళ్ళకు క్వారీ ఉండేది. ఆ నేలలో లేత పచ్చగా ఉండే రాయి దొరుకుతుంది. అన్న గంగులప్ప రాయి తీయించేవాడు, తమ్ముడు మునిరత్నం అమ్మేవాడు. సింగపూరు, తైవాను, జపాను తిరిగేది తమ్ముడే. వాళ్ళ మేనమామకు రెడ్డెప్ప గారు స్నేహితుడు, పైగా మేము నెలాఖరు దాకా అరువిచ్చేవాళ్ళం. అందువల్ల బెంగళూరు దగ్గరే అయినా టికెట్లు మా దగ్గరే తీసుకునేవాళ్ళు.

మునిరత్నం ఆ విదేశీ కంపెనీ మైళ్ళ కార్డు తీసుకున్నాడు. మొదట నీలం కార్డు, తర్వాత వెండి రంగు, తర్వాత బంగారు రంగు. ప్రతిసారీ తెచ్చి నాకు చూపించేవాడు, పరీక్ష పాసైన పిల్లవాడిలా. ఒకసారి అన్నను కూడా వెంటబెట్టుకొచ్చాడు. గంగులప్ప మాట తక్కువ మనిషి. చేతులు మోటుగా, గోళ్ళలో రాతి పొడి. కుర్చీలో కూర్చుని కూడా ఇంకెక్కడో పని ఉన్నట్టు కదులుతూ ఉండేవాడు.

"మన రాయి సింగపూరులో ఒక పెద్ద బిల్డింగు కింద పరిసినారంటమ్మా" అన్నాడు నాతో. "వీడు ఫోటో తెచ్చినాడు గానీ, ఫోటోలో రాయి తెలిసేదే లేదు. ఒకసారి పోయి సూడాలని ఉండాది."

"యాల సూడకూడదు" అన్నాడు తమ్ముడు. "ఇంగ కొన్ని మైళ్ళు పడితే నీకూ వదినెకూ రెండు టికెట్లు వస్తాయి, అన్నా. దుడ్డు పెట్టే పని లేదు."

గంగులప్ప తల ఊపాడు. ఆ మైళ్ళంటే ఏమిటో ఆయనకు తెలియదని నాకు తెలుస్తూనే ఉంది. తమ్ముడు చెప్పాడు కాబట్టి ఊపాడు, అంతే.

జీపు తమ్ముడికి, సింగపూరు అన్నకు

తొంభైల చివర్లో ఇద్దరికీ చెడింది. పాలిషింగు మిషను ఒకటి తమ్ముడు అన్నను అడగకుండా కొన్నాడని మొదలైంది. మాట మాట పెరిగి, ఆస్తి పంచుకోవాలనే దాకా వచ్చింది. పంచాయితీ పుంగనూరులో, వాళ్ళ మేనమామ చెంగప్ప ఇంట్లో పెట్టారు. ఆయనకు నూనె మిల్లు ఉండేది. ఇద్దరూ ఆయన మాట వింటారు.

క్వారీ అన్నకు, మిషనూ ఎగుమతి ఆఫీసూ తమ్ముడికి అని తేలింది. భూములూ తేలాయి. అప్పుడు గంగులప్ప భార్య జయమ్మ, వాకిలి పక్కన నిలబడి, మెల్లగా అందట. "ఆ ఇమానం మైళ్ళ సంగతేమిటి మామా? ఆ టికెట్లన్నీ ఉమ్మడి దుడ్డుతో కొనినవే గదా."

మునిరత్నం కార్డు తీసి చూపించాడట. "నా పేరు మీద ఉండాయి వదినె. ఇంగొకరికి మార్చను కూడా కాదు."

అది ఎలా తేల్చాలో అక్కడెవరికీ తెలియలేదు. మర్నాడు కారు పంపి నన్నూ రెడ్డెప్ప గారినీ పిలిపించారు. నేను కంపెనీ ఇచ్చిన నిబంధనల పుస్తకం పట్టుకుని వెళ్ళాను. చెంగప్ప గారు మంచం మీద కూర్చుని అడిగారు. "అమ్మా, ఇవి ఆస్తి కిందికి వస్తాయా?"

"అమ్మడానికి లేదండీ. పేరు మార్చడానికీ లేదు."

"అట్లయితే ఆస్తి కాదు."

"కానీ వాటితో టికెట్టు కొనచ్చండీ. వాళ్ళ కుటుంబంలో ఎవరికైనా ఇప్పించచ్చు."

"అట్లయితే ఆస్తే గదమ్మా."

ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే తికమకపడ్డారు. నేనూ పడ్డాను. ఆ నిబంధనలు అంతకుముందు చాలాసార్లు చదివాను గానీ, పక్కన పంచాల్సిన జీపు, ఎద్దులు, బోరుబావి పెట్టుకుని చదవడం అదే మొదలు. వాటి పక్కన పెడితే ఆ మైళ్ళు ఉన్నట్టూ ఉన్నాయి, లేనట్టూ ఉన్నాయి.

చివరికి చెంగప్ప గారే తేల్చారు. మైళ్ళు మునిరత్నం పేరు మీదే ఉంటాయి. వాటితో అన్నకూ వదినెకూ సింగపూరు టికెట్లు తీసివ్వాలి. దానికి బదులు ఉమ్మడి జీపు మీద గంగులప్ప హక్కు వదులుకోవాలి.

"ఈరోజు లెక్కకు రెండు టికెట్లు వస్తాయి గదా?" అని నన్ను అడిగారు.

"ఈరోజు లెక్కకు వస్తాయండీ" అన్నాను.

రెడ్డెప్ప గారు నా వైపు చూసి, చెంగప్ప గారితో అన్నారు. "ఈరోజు అనింది బాగా వినుకోప్పా." అందరూ విన్నారు. కానీ పొయ్యి మీద చారు కాగుతోంది, భోజనాలకు లేవమంటున్నారు. ఆ మాటకు ఎవరూ బరువు ఇవ్వలేదు.

ఎవరూ తీయకుండా తగ్గిన బియ్యం

గంగులప్ప వెంటనే పోలేదు. పాస్‌పోర్టు రావడానికి కొన్ని నెలలు పట్టింది. తర్వాత కూతురి కాన్పు వచ్చింది. తర్వాత క్వారీలో కొత్త బెంచి, అంటే రాయి తీసే మెట్టు, తెరిచాడు. అన్నదమ్ములకు మాటల్లేవు. ఏం కావాలన్నా నా ద్వారానే చెప్పుకునేవాళ్ళు. టికెట్లు ఎక్కడికీ పోవని గంగులప్ప ధీమా. ఎవరికైనా అదే ధీమా ఉంటుంది. జీపు ఇచ్చి కొన్నది కదా.

ఆ మధ్య కంపెనీ నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. ప్రయాణికుల సౌకర్యం కోసం పథకాన్ని మెరుగుపరుస్తున్నాం అని రాసి, లోపల కొత్త పట్టిక పెట్టారు. సింగపూరుకు కావలసిన మైళ్ళు దాదాపు రెట్టింపయ్యాయి. నేను రెండుసార్లు చదివాను. అచ్చు తప్పేమో అనుకుని బెంగళూరుకు ఫోన్ చేశాను. తప్పు కాదన్నారు.

గంగులప్ప, జయమ్మ తేదీలు అనుకుని ఆఫీసుకు వచ్చిన రోజు ఈ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ఒక్క టికెట్టే వస్తుందన్నాను.

ఆయన ముఖం గట్టిపడింది. "వాడు వాడుకున్నాడా?"

"లేదు. అన్ని మైళ్ళూ అలాగే ఉన్నాయి."

"అన్నీ ఉంటే ఒగ టికెట్టు యాడికి పోయింది?"

"టికెట్టుకు ఎక్కువ మైళ్ళు అడుగుతున్నారు ఇప్పుడు."

"సంచిలో బియ్యం ఎవురూ తీయకనే ఎట్ల తగ్గుతాదమ్మా?" అని అడిగాడు. కోపం లేదు ఆ గొంతులో, నిజంగా తెలుసుకోవాలనే ఉంది. నేను టమోటా ధరతో పోల్చి చెప్పబోయాను. ఆయన వినిపించుకున్నాడు. "మండీలో రేటు పడితే కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ ఉంటారు. ఈడ ఎవురుండారు?" అన్నాడు.

తమ్ముడు దాచుకున్నాడనే అనుమానం ఆయనకు పోలేదు. కుప్పంలో నలుగురి ముందూ వాడు దొంగ అన్నాడట. మునిరత్నం మరుసటి రోజే నా దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు. "మేడమ్, నేను ఒక్క మైలు కూడా ముట్టలేదు. మీకు తెలుసు. మా అన్నకు మీరే సెప్పాల" అన్నాడు. అంత తిరిగిన మనిషి, ఎన్నో దేశాల్లో బేరాలు చేసిన మనిషి, దొంగ అనిపించుకుని నా సాక్ష్యం కోసం వచ్చాడు.

బెంగళూరు ఆఫీసు

రెడ్డెప్ప గారూ నేనూ బెంగళూరు వెళ్ళాం. కంపెనీ ఆఫీసులో పథకం చూసే అధికారి మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు. తమిళం యాసతో తెలుగు మాట్లాడేవాడు.

"మైళ్ళు తగ్గలేదు మేడమ్. టికెట్టుకు కావలసినవి పెరిగినాయి, అంతే."

"రెంటికీ తేడా ఏముండాది సార్?" అన్నారు రెడ్డెప్ప గారు.

"మాకు ఉంది సార్. మీకు లేదు."

అతను నిబంధనల పుస్తకం తెరిచి చివరి పేజీ చూపించాడు. ముందుగా చెప్పకుండా దేన్నయినా మార్చే హక్కు కంపెనీకి ఉందని చిన్న అక్షరాల్లో ఉంది. పంచాయితీకి నేను తీసుకెళ్ళిన పుస్తకంలోనూ అదే వాక్యం ఉంది. కానీ అదే పుస్తకం ముందు పేజీలో, మీరు సంపాదించుకున్న మైళ్ళు మీవే అని పెద్ద అక్షరాల్లో ఉంది. రెండూ చూపించి ఏది నిజమని అడిగాను. రెండూ నిజమేనన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాకు కూడా మీతో పాటే తెలిసింది మేడమ్. పొద్దున వచ్చేసరికి టేబుల్ మీద పెట్టినారు" అన్నాడు.

పోనీ ఒక టికెట్టు, మిగిలిన మైళ్ళకు సింగపూరు హోటల్లో గది ఇప్పించమన్నాను. అతను ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆ హోటలును ఆ నెలే పై తరగతిలోకి మార్చారు, గదికి కావలసినవి కూడా పెరిగాయి. హోటలు అదే, మంచాలు అవే. రెడ్డెప్ప గారు లేచి నిలబడి, "నాయనా, నీ తప్పేమీ లేదు. అయినా ఎవురి తప్పో నువ్వన్నా సెప్పగలవేమో అని వచ్చినాము" అన్నారు. ఆ అధికారి మమ్మల్ని లిఫ్టు దాకా సాగనంపాడు.

జయమ్మ మాట

వచ్చాక నేను అన్నదమ్ములిద్దరినీ ఒకే రోజు ఆఫీసుకు రమ్మన్నాను. ఒకరు వస్తున్నారని రెండోవారికి చెప్పలేదు. జయమ్మ కూడా వచ్చింది. బెంగళూరులో విన్నదంతా, రెండు పేజీలూ తెరిచి, తెలుగులో చెప్పాను. తమ్ముడు ఏమీ తీయలేదని అక్కడ రాయించుకొచ్చిన కంపెనీ కాగితం కూడా చూపించాను. గంగులప్ప ఆ కాగితం మడిచి నాకిచ్చాడు. "సరేలే. ఆ ఒగటీ వద్దు. నాకు సింగపూరు అక్కర్లేదు" అన్నాడు.

"నువ్వు పో, అన్నా" అన్నాడు మునిరత్నం. రెండేళ్ళలో అన్నతో నేరుగా అన్న మొదటి మాట అదే.

"ఇంగ్లీసు రానోణ్ణి, ఒగణ్ణే యాడికి పోయేది?"

అప్పుడు జయమ్మ అంది. "రెండు టికెట్లు వచ్చింటే మేము మొగుడూ పెండ్లాలు పోతాంటిమి. ఒగటే వచ్చింది కాబట్టి అన్నాతమ్ములు పోండి. మరిది తన టికెట్టు తను కొనుక్కుంటాడు. ఆ కంపెనీ వాళ్ళు తెలిసి చేసినారో తెలియక చేసినారో గానీ, నాకు మటుకు ఇదే బాగుండాది."

మునిరత్నం ఆమె వైపు చూసి, "నీ జీపు కూడా పోయింది గద వదినె" అన్నాడు.

"జీపు ఎట్లాగూ నువ్వే తోల్తాంటివి" అంది.

సీటు దొరకడం ఇంకో కష్టం. మైళ్ళతో ఇచ్చే సీట్లు బెంగళూరు విమానంలో ఏ తేదీకీ లేవన్నారు. డబ్బు కట్టేవాళ్ళకు మాత్రం అదే విమానంలో ఉన్నాయి. ఖాళీ సీటు ఒకరికి ఖాళీగా, ఇంకొకరికి నిండుగా ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. రోజూ ఫోన్ చేయగా చేయగా మద్రాసు నుంచి ఒకటి దొరికింది. తమ్ముడు అప్పటికే బెంగళూరు నుంచి టికెట్టు కొనేశాడు, అన్నకు మద్రాసు. అన్న ఒక్కడే ఎక్కాలి, తమ్ముడు ముందే దిగి అక్కడ ఎదురు చూడాలి. గంగులప్పను కూర్చోబెట్టి బెల్టు పెట్టుకోవడం, ఫారం నింపడం అన్నీ నేర్పాను.

కొత్తవాళ్ళకు

ఆ తర్వాత ఏళ్ళలో ఈ పట్టికలు ఎన్నిసార్లు మారాయో నేను చెప్పలేను. ఒక కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయింది. మైళ్ళ పేరు పాయింట్లయింది. నిన్న టికెట్టు వచ్చే పాయింట్లకు ఈరోజు సూట్‌కేసు వస్తుందన్నారు. హోటలు వాళ్ళు గది ఉచితం అని, పొద్దుటి టిఫినుకు డబ్బు తీసుకున్నారు. మదనపల్లె పట్టు వ్యాపారులు నన్ను తిట్టేవాళ్ళు. వాళ్ళు తిట్టగలిగే దూరంలో ఉన్నది నేనే కదా.

కాబట్టి మీకు చెబుతున్నాను. ఉచితం అనే మాట మీ నోట రానివ్వకండి. ఈరోజు ఇంత అని మాత్రమే చెప్పండి, వినేవాళ్ళు తలూపినా ఇంకోసారి చెప్పండి. దాచుకోమని ఎవరికీ సలహా ఇవ్వకండి, వచ్చినప్పుడే వాడుకోమనండి. పథకం నడిపేవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. కానీ కొలపాత్ర వాళ్ళ చేతిలోనే ఉంది, దాన్ని వాళ్ళు ఎప్పుడైనా మార్చగలరు. ఆ సంగతి ముందు పేజీలో పెద్ద అక్షరాల్లో రాయకపోవడం న్యాయం కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఇంతా చెప్పి నాకు మళ్ళీ తికమకే. నా సలహా ప్రకారం గంగులప్ప పంచాయితీ అయిన వెంటనే పోయి ఉంటే, భార్యతో హాయిగా తిరిగి వచ్చేవాడు. తమ్ముడితో మాటలు మాత్రం ఉండేవి కావేమో. అలాగని విలువ తగ్గడమే మంచిదయిందని ఎలా అంటాను? మిగతా ఎవరికీ అలా కలిసి రాలేదు. సదుం నుంచి వచ్చే ఒక డాక్టరు గారు ఏళ్ళ తరబడి కూడబెట్టిన పాయింట్లు ఒకరోజు మాయమైతే, పాపం ఆయన నా ముందు కూర్చుని ఊరికే కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఆయనకు దానివల్ల ఏ మేలూ జరగలేదు.

గంగులప్ప చెప్పింది

తిరిగొచ్చిన వారం లోపే గంగులప్ప మా ఆఫీసుకు వచ్చాడు. రెడ్డెప్ప గారు కాఫీ తెప్పించారు. విమానంలో ఎట్లుండాదప్పా అని అడిగితే, చెవులు మూసుకుపోయాయన్నాడు. పక్క సీటులో మద్రాసు ముసలాయన ఎవరో బెల్టు పెట్టాడట. దిగాక అందరూ నడిచే వైపే నడిచానన్నాడు. ఎక్కడ చూసినా అద్దాలే, బయటికి పోయే దారి ఏదో తెలియలేదు.

"భయమైందమ్మా. వీడు రాలేదేమో అనుకున్నా. రాకపోయినా అడిగేదానికి నాకు మొగం లేదు గదా. నలుగురి ముందర దొంగ అన్నోణ్ణి. బయటికి వస్తే కమ్మీల కాడ నిలబడుకోనుండాడు, నా పేరు అట్ట మీద రాసి పట్టుకోని. వాణ్ణి నేను గుర్తుపట్టనా? అట్టెందుకురా అంటే, ఈడ అందరూ పట్టుకోనుండారు, నేనూ పట్టుకున్నాను అనె."

"తర్వాత?" అన్నాను.

"అన్నం తింటివా అనె. వాళ్ళేందో పెట్టినారు, తిన్నా అంటి."

ఆ బిల్డింగుకు మర్నాడు పొద్దున పోయారట. లోపల జనం బూట్లతో నడిచి పోతూనే ఉన్నారట. ఆయన ఒక పక్కన కూర్చుని నేల మీద చెయ్యి పెట్టాడు. కాపలా మనిషి వచ్చి, ఒంట్లో బాగలేదా అని అడిగాడు. మునిరత్నం అతనికి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. కాపలా మనిషి కూడా వంగి నేలను చూశాడట.

"వానికేం సెప్పినావురా అంటే, ఈ రాయి తీసింది మా అన్న అని సెప్పినానన్నాడు" అన్నాడు గంగులప్ప. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"రాయి ఎట్లుండాదప్పా?" అని అడిగారు రెడ్డెప్ప గారు.

"సల్లగా ఉండాది" అన్నాడు.